అయిదుకి సున్నా

జూన్ 8, ఆదివారం

ఓడాం. అయిదుకి సున్నా.

రాయడానికి చేయి రావడం లేదు. కానీ ఎక్కడో ఒకచోట తిట్టకపోతే తల పగిలిపోయేలా ఉంది, దానికి ఈ నోటుబుక్కు ఒక్కటే పనికొస్తుంది. ఉండేది తమిళనాడులోనైనా మా ఇంట్లో పొద్దున్నుంచి పడుకునేదాకా తెలుగే, చదవడం మాత్రం నా ఒక్కడికే వచ్చు. అమ్మ పలమనేరు మనిషి కాబట్టి పట్టుబట్టి నాకు అక్షరాలు దిద్దించింది. నా భార్య పుష్పవతికి ఈ పేజీ చేతికిస్తే తలకిందులుగా పట్టుకుంటుంది. కాబట్టి ఎవరినైనా ఇక్కడ ధైర్యంగా తిట్టొచ్చు.

వేలూరులో జిల్లా బాక్సింగ్ పోటీలు. ఆడపిల్లల యాభై నాలుగు కేజీలు, సెమీఫైనల్. నా శిష్యురాలు జెసింత, ఎదురుగా ఒడుగత్తూరు మోహన. మూడు రౌండ్లు, అయిదుగురు జడ్జీలు. మొదటి రౌండు మాది. రెండోదీ మాదే, కాకపోతే కొంచెం తేడాతో. మూడో రౌండులో పిల్ల అలిసిపోయింది. మూడో రౌండు గురించి రాయడానికి ఏమీ లేదు.

మైకులో 'అయిదుకి సున్నా' అనగానే హాలంతా 'అయ్యో' అంది, ఏదో జెసింత నేలమీద పడి లేవలేకపోయినట్టు. అంతవరకూ కుర్చీల మీద ఎక్కి అరిచినవాళ్ళే. కళ్ళతో చూసిన ఆటను ఒక్క అంకె వినగానే మరిచిపోయారు. ఇలాంటి జనానికి ఆట ఎందుకు పెట్టాలి, అంకె చదివి ఇంటికి పంపితే సరిపోయేది.

అయిదుగురిలో ఒకడు సెల్వకుమార్. పద్దెనిమిదేళ్ళు మిలిటరీ పట్టాళంలో నాతో ఒకే కంచంలో తిన్నవాడు. వాడూ మోహనకే వేశాడు. ఇకమీదట వాడి ఫోను ఎత్తను.

జూన్ 9, సోమవారం

కాట్పాడిలో కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ. లోపలికొచ్చే ప్రతివాడూ కార్డు చూపించి, "రంగరాజులన్నా, అయిదుకి సున్నానంట కదా," అని అడగడమే. పదకొండు మందికి వివరించాను. పన్నెండోవాడిని కార్డు సరిగా లేదని పది నిమిషాలు నిలబెట్టాను. కార్డు సరిగానే ఉంది.

ఇందులో అర్థం కానిదేముంది? రౌండు గెలిచిన పిల్లకు పది, ఓడిన పిల్లకు తొమ్మిది. మూడు రౌండ్లూ కూడితే ఎవరికి ఎక్కువ వస్తే ఆ జడ్జి ఓటు వాళ్ళది. ఒక్క పాయింటు ఎక్కువైనా ఒక ఓటే, మూడు ఎక్కువైనా ఒక ఓటే. అయిదుగురూ తలా ఒక్క పాయింటు తేడాతో మోహనకు వేసినా అది అయిదుకి సున్నాయే. ఎంతమంది ఒప్పుకున్నారో ఆ అంకె చెబుతుంది. ఎంత తేడాతో గెలిచిందో చెప్పదు. అది చెప్పేవి జడ్జీలు రాసిచ్చిన చీటీలు. వాటిని జిల్లా సంఘంవాళ్ళు కవరులో వేసి బీరువాలో పెడతారు, ఎవడూ చూడడు.

రాత్రి అన్నం దగ్గర పుష్పవతికి చెప్పాను. అయిదుగురు ఒక మామిడిపండు తిని కాస్త పుల్లగా ఉందన్నారనుకో, అయిదుగురూ అన్నంత మాత్రాన అది చింతకాయ అయిపోతుందా అని అడిగాను.

"అయిదుగురు పులుపంటే పులుపే కదా," అంది. "నువ్వెందుకు దాన్ని తీపి తీపి అంటా ఉండావు?"

మజ్జిగ పోసుకోకుండానే లేచాను.

జూన్ 10, మంగళవారం

జెసింత ప్రాక్టీసుకు రాలేదు.

జూన్ 11, బుధవారం

ఈరోజూ రాలేదు. గుడియాత్తంలో మగ్గాల వెనక ఉన్న మా ప్రాక్టీసు షెడ్డులో మిగిలిన ఎనిమిది మంది పిల్లలూ తాడాట ఆడుతూ నా ముఖం చూస్తున్నారు. వాళ్ళను వదిలేసి జెసింత ఇంటికి పోయాను.

వాళ్ళమ్మ ఆరోకియమేరి అగ్గిపెట్టెల కంపెనీ నుంచి అప్పుడే వచ్చింది. చేతులకు ఇంకా మందు వాసన. కుర్చీ వేసి, తాను గడప మీద కూర్చుంది.

"ఇంకెందుకన్నా పంపేది," అంది. "ప్లస్ టూ అయిపాయె. ఇరవై మూడో తేదీ నుండి షూ కంపెనీలో చేరమన్నారు. నా చెల్లెలు ఆడనే ఉండాది, మాట్లాడి పెట్టినాది."

మళ్ళీ వివరించాను. చెన్నై క్యాంపుకు మన జిల్లా నుంచి ఈ బరువులో ముగ్గురు పోతారు. ఫైనలుకు పోయిన ఇద్దరూ, సెమీఫైనల్లో ఓడిన ఇద్దరిలో ఒకరూ. ఆ మూడో పేరు ఇంకా రాయలేదు. క్యాంపులో నిలబడితే హాస్టలు, దాంతోపాటే కాలేజీ సీటు. షూ కంపెనీలో ఒకసారి కూర్చుంటే మళ్ళీ లేవడం ఉండదు.

ఆరోకియమేరి అంతా విన్నది. వినలేదని చెప్పడానికి లేదు.

"అన్నా, ఒక్క జడ్జి మా పిల్ల గెల్చిందని చెప్పింటే నేను నమ్మిందును. ఒక్కడు చాలు. అయిదుగురూ కాదన్నారే. నేను చదువుకోలేదు. అయినా అయిదుగురు పెద్దోళ్ళు ఒకే మాట చెప్తే ఇనుకోవల్ల కదా."

జెసింత నీళ్ళ గ్లాసు తెచ్చింది. గ్లవ్స్ ప్లాస్టిక్ సంచిలో వేసి గోడకు తగిలించి ఉన్నాయి. వాటివైపు చూసి అడిగాను, ఏంటమ్మా ఇది అని.

"గెలుస్తా ఉండానని అనుకున్నా మాస్టరు," అంది. "ఒక్కరికన్నా అట్ల కనపడలేదు. రింగులో నిలబడుకొని ఆ మాత్రం తెలీనిదాన్ని, ఇంకేం ఆడేది నేను?"

"మూడో రౌండులో అలిసిపోయినావు, అంతేనమ్మా," అన్నాను.

నావైపు చూసింది. ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి పోయింది.

ఆ చూపు ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆరేళ్ళుగా చూస్తున్నాను, ఇలా ఎప్పుడూ చూడలేదు. పిల్ల అలిసిపోయింది. నేను కళ్ళారా చూశాను.

జూన్ 12, గురువారం

కాట్పాడి స్టేషను ఎదురుగా ఫ్లెక్సీ కట్టారు. సెమీఫైనల్లో ఓడిన రెండో పిల్ల నివేద. నిలువెత్తు ఫోటో, చుట్టూ మేనమామల ఫోటోలు, పైన పెద్ద అక్షరాలతో 'మూడుకి రెండు'. ఓడినదానికి ఫ్లెక్సీ. ఇద్దరు జడ్జీలు అటు వేసినందుకు నలుగురు మేనమామలు కాలర్లు ఎగరేస్తున్నారు.

మూడుకి రెండు అంటే జడ్జీలు ఒకరితో ఒకరు ఒప్పుకోలేదని అర్థం. అంతవరకే. ఆ ముగ్గురు ఎంత తేడాతో అటు వేశారో ఎవడికైనా తెలుసా? చెప్తే వింటారా? నాకు బీపీ మాత్ర వేసుకునే టైమయింది.

సంఘం కార్యదర్శి దొరైస్వామికి ఫోను చేశాను. ఆయన నాలుక మీద ఎప్పుడూ తేనె ఉంటుంది, పని మాత్రం జరగదు.

"రంగరాజులప్పా, నివేద ఇద్దరు జడ్జీలని గెల్చుకునింది. మీ పిల్లకు ఒక్కడూ లేడు. నేను దేన్ని చూసి రాసేది చెప్పు?"

"చీటీలు చూడండి."

"చీటీలు ఎవురు చూస్తారు నాయనా. రిజిస్టరులో ఏముండాదో అదే చూస్తారు."

పది నిమిషాలు వాదించాక, అర్జీ రాసిస్తే కవరు తెరుస్తానని ఒప్పుకున్నాడు. ఇరవయ్యో తేదీ సాయంత్రం పేర్లు చెన్నైకి పంపాలట.

జూన్ 13, శుక్రవారం

అర్జీ తీసుకుని వేలూరు పోయాను. దొరైస్వామి లేడు. కావేరిపాక్కంలో పెళ్ళి. ఫ్యాను మాత్రం తిరుగుతోంది.

జూన్ 14, శనివారం

ఇంకా పెళ్ళిలోనే ఉన్నాడు. ఎవరి పెళ్ళిరా అది, ఇన్ని రోజులు.

సెల్వకుమార్ నాలుగుసార్లు ఫోను చేశాడు. ఎత్తలేదు.

జూన్ 15, ఆదివారం

పుష్పవతి ఈరోజు అడిగింది. "పిల్ల ఓడిందనా నీ బాధ, నువ్వు ఓడినావనా?"

నేనెందుకు ఓడతాను? నేను రింగులోకే దిగలేదు. ఆడవాళ్ళకు ఈ ఆట గురించి ఏం తెలుసని రాయబోయాను, జెసింత గుర్తొచ్చి ఆపాను.

జూన్ 16, సోమవారం

చీటీలు చూశాను.

దొరైస్వామి కవరు చింపి పది చీటీలూ బల్లమీద పరిచాడు. జెసింతవి అయిదు, నివేదవి అయిదు. నా గుండె ఎంత కొట్టుకుందంటే ఆయనకు వినపడుతుందేమోనని కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

జెసింత చీటీలు అయిదూ ఒకటే: ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది. అయిదుగురూ ఒక్క పాయింటు తేడాతోనే వేశారు. ముగ్గురు మొదటి రౌండు జెసింతకిచ్చారు. మిగిలిన ఇద్దరు మొదటిది ఇవ్వలేదు, రెండోది ఇచ్చారు. ఒక్కొక్క జడ్జి దగ్గర ఒక్కొక్క రౌండు, మొత్తం అయిదు రౌండ్లు. నివేద చీటీల్లో ఇద్దరు రెండేసి రౌండ్లిచ్చారు, మిగతా ముగ్గురూ ఒక్క రౌండు కూడా ఇవ్వలేదు. మొత్తం నాలుగు. ఫ్లెక్సీ కట్టించుకున్న పిల్ల కంటే సున్నా తెచ్చుకున్న పిల్ల ఒక రౌండు ఎక్కువ గెలిచింది. తొమ్మిది రోజులుగా గొంతు చించుకుంటున్నది ఇదే కదా.

దొరైస్వామి వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు.

"నిజమేనప్పా. నేనింత అనుకోలేదు," అన్నాడు. తర్వాత అదే వేలు చివరి గడి మీద పెట్టాడు. "అయితే ఇది చూడు. మొదటి రెండు రౌండ్లలో జడ్జీలకే ఒకరికొకరికి పొత్తు లేదు. ఒకడు ఇటంటే ఒకడు అటు. మూడోదాన్లో అయిదుగురూ మోహనకే. ఒక్కడికీ అనుమానం లేదు. అంటే ఆట సమంగా ఉన్నప్పుడు నీ పిల్ల చేతులెత్తేసినాది. చివరి రౌండు వదిలేసే పిల్లని క్యాంపుకి ఎట్ల పంపేది?"

"అలిసిపోయింది సార్," అన్నాను.

"అలిసిపోయే పిల్ల అసలు వద్దు."

బయటికొచ్చి కోట దగ్గర చెరుకురసం బండి పక్కన నిలబడ్డాను. నేను అడిగి తెరిపించిన కవరు. అలిసిపోయిందని నేనే చెప్పిన మాట. రెండూ పిల్లకే ఎదురు తిరిగాయి.

జూన్ 17, మంగళవారం

డ్యూటీ దిగేసరికి సెల్వకుమార్ గేటు ఎదురుగా టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కనుంచి పోబోతే చొక్కా పట్టుకున్నాడు.

"ఫోను ఎత్తవు, సరే. ఊరంతా తిరిగి పిల్ల అలిసిపోయింది అలిసిపోయింది అని చెప్తా ఉండావంట. ఏమిరా అది?"

"అలిసిపోలేదా మరి?"

"రింగుకి మూడడుగుల్లో కూర్చోనుండా నేను. ఆ పిల్లకు ఊపిరి కూడా ఎగపోయలేదు. మూడో రౌండు బెల్లు కొట్టినప్పటినుండి నువ్వు రింగు మూలలో నిలబడుకొని ఏమి అరిచినావు? నా నోటితో చెప్పాల్నా?"

చొక్కా విడిపించుకోబోయాను, వదల్లేదు.

"వెనక్కి పో, తాకద్దు, గెల్చేసినాము. ఇదే కదా. రెఫరీ రెండుసార్లు నీ పక్క చెయ్యి చూపించినాడు, అరవద్దని."

"తెలుగులో కదరా అరిచింది," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో.

మా మూలలో ఎప్పుడూ తెలుగే. అవతలివాళ్ళకు తెలియకుండా పిల్లలతో మాట్లాడుకోవచ్చని, తమిళనాట తెలుగువాడిగా పుట్టినందుకు ఉన్న ఒకే ఒక్క లాభం అదని, నేనే పిల్లలకు నవ్వుతూ చెప్పేవాణ్ణి.

సెల్వకుమార్ టీ గ్లాసు కింద పెట్టాడు. "మోహన యాడ పిల్లరా? ఒడుగత్తూరు. వాళ్ళ తాతల కాలం నుండి ఇంట్లో తెలుగే. వేలూరు హాలులో నిలబడుకొని ఇది నీ ఒక్కడి భాష అనుకున్నావు చూడు, దానికి ఏమనేది? నీ పిల్లకన్నా ముందు ఆ పిల్ల వినింది. గెల్చేసినామంటే తను ఓడిపోతా ఉండానని తెలిసిపాయె. తాకద్దంటే జెసింత కొట్టదని తెలిసిపాయె. నేరుగా లోపలికొచ్చేసింది. మేము అయిదుగురం ఇంకేం రాయాల్ల?"

టీ డబ్బులు వాడే ఇచ్చి పోయాడు.

సరే, రాస్తాను. అరిచాను. మొదటి రెండు రౌండ్లూ మావేనని నాకనిపించింది. ఏ జడ్జికీ అలా అనిపించలేదు, అయిదుగురిలో ఒక్కడు కూడా రెండు రౌండ్లు ఇవ్వలేదు. నేనే ఆరో జడ్జిలా కూర్చుని తీర్పు చెప్పేసుకుని, కాపాడుకుంటే చాలనుకున్నాను. మధ్యలో జెసింత ఒకసారి మూలవైపు చూసింది, లోపలికెళ్ళి కొట్టనా అన్నట్టు. వద్దని చేతులూపాను. అది కూడా చేశాను.

జూన్ 18, బుధవారం

ఈ సంగతి కాగితం మీద రాసిస్తే దొరైస్వామి దగ్గర పిల్లకు మాట నిలబడుతుంది. వదిలేయలేదు, చెప్పింది చేసింది అని తేలుతుంది. కానీ రౌండు నడుస్తుండగా మూలనుంచి అరవడం నిబంధనకు విరుద్ధం. రెఫరీ రెండుసార్లు వారించాక కూడా అరిచానని నేనే రాసిస్తే ఏడాదిపాటు మూలలో నిలబడనివ్వరు. షెడ్డులో ఇంకా ఎనిమిది మంది ఉన్నారు. ఆగస్టులో వాళ్ళకు పోటీలున్నాయి. వాళ్ళ గతేమిటి? ఒక్క పిల్ల కోసం ఎనిమిది మందిని గాలికి వదిలేయడం న్యాయమా? నేను ఆలోచిస్తున్నది వాళ్ళ కోసమే.

జూన్ 19, గురువారం

వాళ్ళ కోసం కాదు.

జూన్ 20, శుక్రవారం

సెలవు పెట్టాను. పొద్దున తమిళంలో ఒకటిన్నర పేజీ రాసి సంతకం చేసి వేలూరు బస్సెక్కాను. దొరైస్వామి చదివి కళ్ళజోడు తీశాడు.

"నోటిమాటగా చెప్తే చాలదా నాయనా? కాగితం మీద ఇస్తే నేను నిన్ను ఆపాల్సి వస్తాది. ఏడాది."

"అయిదుకి సున్నా కాగితం మీదే కదా సార్ ఉండాది," అన్నాను. "ఇదీ దాని పక్కనే పెట్టండి."

ఆయన పెన్ను మూత తిప్పుతూ, నివేద మేనమామలు గొడవ చేస్తారని గొణిగాడు. చేస్తే చీటీలు చూపించమన్నాను. చివరికి మూడో పేరు రాసి, నా కాగితాన్ని ఆ కవరులోనే పెట్టాడు. జెసింత అని రాయడం చూశాక గానీ లేవలేదు. ఆయన మీద నమ్మకం లేక కాదు. ఉంటే కూర్చునేవాణ్ణి కాదు, అది వేరే సంగతి.

నేరుగా గుడియాత్తం వచ్చి జెసింత ఇంటికి పోయాను. తల్లీ కూతురూ ఇద్దరూ ఉన్నారు. క్యాంపు సంగతి ముందు చెప్తే వాళ్ళు సంతోషపడతారు, తర్వాత నా సంగతి చెప్పడం సులువవుతుంది. అందుకే నా సంగతే ముందు చెప్పాను. ఆ పిల్ల ఓడలేదు, నేను ఓడించాను, పైగా పన్నెండు రోజులు అలిసిపోయిందని అబద్ధం చెప్పుకు తిరిగాను.

ఆరోకియమేరి కూతురివైపు తిరిగింది. "నువ్వు మాకు ఒక్క మాట చెప్పలేదే."

"చెప్తే మాస్టర్ని మూలలో నిలబెట్టరు కదమ్మా," అంది జెసింత.

పద్దెనిమిదేళ్ళ పిల్ల. నన్ను కాపాడడానికి షూ కంపెనీకి పోవడానికి సిద్ధపడింది, నేనేమో రెండు రోజులు లెక్కలు వేసుకున్నాను. నాకు సిగ్గేసింది. వాళ్ళ ముందే కళ్ళనీళ్ళు వచ్చాయి, తుడుచుకోలేదు.

తర్వాత క్యాంపు సంగతి చెప్పాను. ఆరోకియమేరి శిలువ గుర్తు వేసుకుని, చెల్లెలికి ఫోను చేయడానికి బయటికి పోయింది.

జూన్ 21, శనివారం

పుష్పవతికి అంతా చెప్పాను. "ఏడాది సాయంత్రాలు ఇంట్లోనే ఉంటావా అయితే?" అని అడిగింది. ఆ గొంతులో సంతోషమో భయమో తెలియలేదు.

పిల్లలకు నేర్పడానికి అడ్డు లేదు, మూలలో నిలబడడానికే. ఆగస్టు పోటీలకు సెల్వకుమార్‌ను నిలబడమని అడిగాను. జడ్జి పని మానుకుని వస్తానన్నాడు. మూలలో తమిళమే మాట్లాడతానన్నాడు, వెధవ.

జూన్ 22, ఆదివారం

కాట్పాడి స్టేషనుకు పోయి జెసింతను రైలెక్కించాను. వాళ్ళమ్మకు ఆదివారం కూడా పని ఉంది. బ్యాగు నేను మోశాను, వద్దంటున్నా. ప్లాట్‌ఫారం మీద నిలబడి అక్కడ తినాల్సినవీ తినకూడనివీ, లేవాల్సిన వేళ, ఎడమ చేయి దించకుండా చూసుకోవడం, అన్నీ చెప్పిందే చెప్పాను. అన్నిటికీ సరే మాస్టరు, సరే మాస్టరు అంది.

రైలు దూరంగా కనబడ్డాక అంది: "మాస్టరు, ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దండి. ఆ పొద్దు మూడో రౌండులో మోహన చెయ్యి దించుకొని వస్తా ఉండాది. నాకు కనపడింది. కొట్టుంటే తగిలుండేది. మీరు వద్దన్నారని ఆగిపోతిని. ఇంకమీద మూలనుండి ఎవురు ఏమి అరిచినా నా కండ్లకు కనపడిందే చేస్తా. మీరొచ్చి నిలబడినా అంతే."

"అట్లే చెయ్యమ్మా," అన్నాను.

కిటికీ దగ్గర సీటు దొరికింది. చేయి ఊపింది. నేనూ ఊపాను.

తిరిగి వచ్చే బస్సులో చాలా బాధగా ఉండింది, ఉండాల్సిందే. ఆరేళ్ళు దానికి అడుగు వేయడం నేర్పాను, నడుము తిప్పడం నేర్పాను, ఊపిరి ఎప్పుడు వదలాలో నేర్పాను. ఎదురుగా ఉన్నదాన్ని తన కళ్ళతో చూసి తానే నిర్ణయించుకోవడం మాత్రం ఒక్కరోజూ నేర్పలేదు. నేను చెప్పింది వినడం నేర్పాను. పిల్ల అది బాగా నేర్చుకుంది.